పదకొండో డ్రమ్ము

శివుని జటలందు నొదిగిన శీతలాంబ,
పల్లె రేవుల నిలిచిన తల్లి గంగ,
కోపమను సుడిగాడ్పులఁ గూల్చి, మాదు
మనసులకు నీటి చలువను మరల నిమ్ము!

నీటిని నమ్ముకొని బ్రతికేవారికి నీరే తొలి దైవం. ఆ తల్లికి చేతులెత్తి మ్రొక్కి, ఆమె ఒడ్డున ఒక ఇంటిలో క్రోధమనే శత్రువు చొరబడి ఎంత పని చేసిందో, తుదకు ఎట్లా తల వంచిందో చెబుతాను.

భూపాలపల్లికి ఎనిమిది మైళ్ళ దూరాన, అడవి అంచున ఎర్రగట్టు చెరువు ఉంది. వేసవి సెలవులు వచ్చాయంటే జనగామ నుండీ మహబూబాబాద్ నుండీ సంసారాలు సంసారాలే పడవ షికారుకు తరలివస్తాయి. నీరు తగ్గుముఖం పట్టేది కూడా అప్పుడే కనుక చేపల వేటకూ అదే అదను. పడవలు వచ్చి ఆగడానికి, మనుషులు ఎక్కి దిగడానికి అక్కడ నీటిపై తేలే జెట్టి ఒకటి ఉంది. నంబర్లు చెక్కిన పద్దెనిమిది ఇనుప డ్రమ్ములను వరుసలుగా కట్టి, వాటిపై మద్దిచెక్క పలకలు బిగించిన కట్టడం అది. ఏటా శివరాత్రి వెళ్ళగానే దానిని ఒడ్డుకు లాగి, విప్పి, పాచి గీకి, తుప్పు రాల్చి, డ్రమ్ములకు కొత్తగా తారు పూసి, ఉగాది లోపల మళ్ళీ నీటిలోకి దించాలి.

నలభై ఏళ్ళుగా ఆ పని పెంటయ్య ఇంటిది. డ్రమ్ము గట్టిదో కాదో తేల్చేది ఆయన చెవి. కుండను కొనేవారు వ్రేలితో కొట్టి చూసినట్లు, ఆయన కొయ్యసుత్తితో డ్రమ్ము అంచున ఒక్క దెబ్బ వేసేవాడు. అతుకు గట్టిగా ఉంటే గంటలా మ్రోగేది. ఎక్కడైనా పగులు పట్టి ఉంటే గొంతు బొంగురుపోయినట్లు పలికేది. బాగున్న దానిపై పసుపు బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు పడిన డ్రమ్మును మరొకరు పరీక్షించడమంటే ఆయన ముఖం మీదే తప్పు పట్టినట్లు. అందుకే ఆ రేవులో ఎవరూ ఆ సాహసం చేయలేదు.

ఆ ఉదయం కూడా పని మామూలుగానే మొదలైంది. ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది, అయినా ఇనుము అప్పుడే వేడెక్కుతున్నది. గట్టు మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పెంటయ్య భార్య దుర్గమ్మ పనివారికి అన్నం వండుతున్నది. పెద్దకోడలు రాణి ఆమెకు సాయం చేస్తున్నది. దేవరుప్పుల నుండి ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయిన పిల్ల. మాట తక్కువ, పని ఎక్కువ. కొడుకులిద్దరూ డ్రమ్ములకు పట్టిన తుప్పును ఇనుపరేకులతో గీకుతున్నారు. ఆ గీకుడు చప్పుడు పళ్ళ మీద రంపం ఆడించినట్లుంది.

దుర్గమ్మ పొయ్యి వెనుక కూర్చోకుండా పొయ్యికి పక్కగా, భర్తకు ఎదురుగా కూర్చుంది. పెంటయ్య సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. తల ఎత్తి భార్య వైపు చూసేవాడు. ఆమె తల ఊపితే పసుపు బొట్టు పెట్టేవాడు. ముఖం పక్కకు తిప్పుకుంటే ఆ డ్రమ్మును అవతలికి నెట్టేవాడు. చూసేవారికి అది ముసలి దంపతుల ముచ్చటలా కనిపించేది. అసలు సంగతి వేరు. పోయిన వానాకాలంలో వచ్చిన జ్వరం పెంటయ్య కుడిచెవిని తీసుకుపోయింది. సంక్రాంతి నాటికి ఎడమచెవి కూడా మూతపడింది. దవాఖానకు పోదామని ఆమె బతిమాలింది. పోతే నలుగురికీ తెలుస్తుందని ఆయన ఒప్పుకోలేదు. ఎవరైనా పిలిస్తే ఆమె ఆయన మోచేతిని తాకేది. ఎవరైనా అడిగిన దానికి ఆయన చిరునవ్వుతో తల పంకించేవాడు. కొడుకులు కూడా బాపు పెద్దవాడై మాటలు తగ్గించాడనే అనుకున్నారు. అబద్ధం చెప్పకుండానే ఒక ఇల్లంతా అబద్ధంలో బ్రతకవచ్చునని అప్పటికి ఆ ఇల్లాలికి తెలియదు.

పది డ్రమ్ములు పూర్తయ్యాయి. అప్పుడు అన్నదమ్ముల మధ్య మాట పెరిగింది.

పెద్దవాడు వీరేందర్ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. మంచివాడే, కానీ కోపం వస్తే మనిషి కాడు. చిన్నవాడు సంతోష్ మహబూబాబాద్‌లో లారీ నడుపుతూ, ఆ పని మానుకొని ఏడాది క్రితం ఇల్లు చేరాడు. మూడు నెలలు ఒకచోట నిలవనివాడు ముప్పై అడుగుల జెట్టిని ఎట్లా నిలుపుతాడని వీరేందర్ ఎత్తిపొడిచాడు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చి పెత్తనం చేసేవారికి తారు వాసన కూడా తెలియదని సంతోష్ జవాబిచ్చాడు. వీరేందర్ చేతిలోని ఇనుపరేకు గాలిలో గిరగిరా తిరుగుతూ వచ్చి తమ్ముడి పిక్కను చీరింది. రక్తం చిమ్మింది. సంతోష్ అన్న మీదికి పోలేదు. ఎదురుగా ఉన్న ఏడో డ్రమ్మును, బొట్టు పెట్టిన దానిని, బలమంతా ఉపయోగించి తన్నాడు. అది గట్టు దిగి రాళ్ళ మీద దభేలు దభేలుమని దొర్లుతూ పోయి నీటి అంచున ఆగింది.

దుర్గమ్మ చేతిలోని గరిటె వదిలేసింది. సగం లేచి నిలబడింది. అదే క్షణంలో రాణి, అన్నం దించమంటావా అత్తమ్మా అని అడిగింది. దుర్గమ్మ కొడుకుల మీది నుండి చూపు తిప్పకుండానే తల ఊపింది.

అదే క్షణంలో పెంటయ్య పదకొండో డ్రమ్మును కొట్టి తల ఎత్తి ఉన్నాడు. కొట్లాటకు వీపు పెట్టి కూర్చున్న ఆయనకు ఆ గొడవ తెలియనే తెలియదు. భార్య తల ఊపడం చూశాడు. పసుపులో వ్రేలు ముంచి బొట్టు పెట్టాడు.

మూడో రోజు ఉదయం జెట్టిని నీటిలోకి దించారు. మత్స్యకారుల సంఘం పెద్ద ఎల్లస్వామి కొబ్బరికాయ పట్టుకొని వచ్చాడు. ఆ రేవు ఆచారం ప్రకారం, ఇంటి పెద్దకోడలు జెట్టి కొసకు నడిచి, గంగమ్మకు నైవేద్యం నీటిలో విడవాలి. ఆ తర్వాతే పడవ కట్టాలి. రాణి కొత్తచీర కట్టి, పసుపు కాళ్ళతో, పళ్ళెం పట్టుకొని నడిచింది. అప్పటికి జెట్టి నీటిలో రెండు గంటలుగా ఉంది. కొసన కుడిమూల తక్కినవాటికంటే రెండంగుళాలు కిందికి ఉన్నదని ఎవరూ గమనించలేదు.

ఆమె మూల మీద అడుగు పెట్టింది. జెట్టి ఒక్కసారి ఒరిగింది. పళ్ళెం ఎగిరింది. నీరు పలకల మీదికి ఎగబాకింది. పట్టు కోసం చేయి చాపిన రాణి పలకకూ, ఇంకా కట్టకుండా పక్కన ఆపి ఉంచిన పడవకూ మధ్య పడింది. పడవ వెనక్కి ఊగి వచ్చి ఆమె చేతిని పలకకు వేసి నొక్కింది. ఎముక విరిగిన చప్పుడు ఒడ్డు వరకూ వినిపించింది. ఆ తర్వాత నీటిపై ఆమె కొంగు తప్ప మరేమీ కనబడలేదు.

వీరేందర్ దూకాడు. మూడుసార్లు మునిగి, మూడోసారి ఆమెను జుట్టు పట్టి పైకి లాగాడు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిస్తే నోటి నుండి నీరూ రక్తమూ కలిసి వచ్చాయి. తండా నుండి వచ్చిన జైసింగ్ ఆటోలో వేసుకొని భూపాలపల్లి దవాఖానకు పరుగెత్తారు.

ప్రాణం నిలిచింది. చేయి రెండుచోట్ల విరిగింది. ఆ మాట డాక్టరు నోట విన్న వీరేందర్, జెట్టి పూజకని దేవరుప్పుల నుండి వచ్చిన తన అత్తమామలను భార్య పక్కన కూర్చోబెట్టి, మధ్యాహ్నం ఎండ నెత్తిన మండుతుండగా చెరువుకు తిరిగివచ్చాడు. తోవ పొడవునా ఒక్కటే ఆలోచన. డ్రమ్ములకు తారు పూసిందీ కట్టిందీ సంతోష్. డ్రమ్మును తన్నిందీ సంతోషే.

అప్పటికి సంతోష్ కొస మూలనున్న డ్రమ్మును విప్పి ఒడ్డుకు లాగి, తారు గీకి చూస్తున్నాడు. అడుగు అతుకు జానెడు మేర నోరు తెరిచి ఉంది. తల ఎత్తి అన్నకు ఆ సంగతి చెప్పబోయాడు. వీరేందర్ చేతిలోని తెడ్డు ముందు భుజం మీద పడింది. రెండో దెబ్బ తల మీద పడింది. మూడో దెబ్బకు తెడ్డు రెండు ముక్కలైంది. సంతోష్ మోకాళ్ళ మీద కూలి, కంటిలోకి కారుతున్న రక్తాన్ని మణికట్టుతో తుడుచుకుంటూ, తాను తన్నింది ఏడో డ్రమ్మని, ఇది పదకొండోదని చెబుతూనే ఉన్నాడు. వీరేందర్ విరిగిన తెడ్డు మొనను తమ్ముడి మెడ దగ్గర పెట్టాడు.

"నా పెండ్లాం సస్తుండె రా ఇయ్యాల. నీకు నంబర్లు యాదికొస్తున్నయా?"

గట్టు మీద జనం చేరారు. ఎల్లస్వామి అడ్డం వచ్చి వీరేందర్‌ను వెనక్కి లాగాడు. అప్పుడు పెంటయ్య దిగి వచ్చాడు. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నోరు తెరిచిన అతుకును వంగి చూశాడు. నలభై ఏళ్ళలో ఆయన బొట్టు పెట్టిన డ్రమ్ము ఒక్కటీ మునగలేదు. నిజంగానే ఆయన నమ్మకం ఒక్కటే, డ్రమ్ము తన దగ్గర ఉన్నప్పుడు గట్టిదేనని. కాబట్టి తప్పు ఆ తర్వాత జరిగి ఉండాలి. ఆ రోజు సంతోష్ తన్నిన డ్రమ్ము నీటి అంచున రాళ్ళలో పడి ఉండడం ఆయన తర్వాత కళ్ళారా చూశాడు. చేయి ఎత్తి చిన్నకొడుకు చెంప మీద కొట్టాడు. రక్తం అరచేతికి అంటింది. మళ్ళీ కొట్టాడు.

"నేను కొట్టి చూసిన. బొట్టు పెట్టిన. మంచి డ్రమ్మును రాళ్ల మీదికి తన్ని పలగ్గొట్టినవ్. ఇగ నా గడప తొక్కకు. ఈ రేవు మీద నీ నీడ కూడ పడొద్దు."

సంతోష్ లేచాడు. ఏడవలేదు. ఇంటివాళ్ళే తనను నమ్మనప్పుడు ఈ జెట్టి ఎవరికోసమని గొణుగుతూ, పలకలు చెక్కడానికి తెచ్చిన గొడ్డలి తీసుకొని రేవు మోకుల వైపు నడిచాడు. మొదటి దెబ్బకు ఒక మోకు తెగింది. పలకలు ఒకదానినొకటి గుద్దుకుంటూ కిర్రుమన్నాయి. రెండో దెబ్బకు గొడ్డలి ఎత్తగానే వీరేందర్ వెనుక నుండి వచ్చి గొంతు పట్టుకున్నాడు. గొడ్డలి ఇద్దరి మధ్య గాలిలో ఊగుతున్నది. ఎవరి తల మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు.

దుర్గమ్మ అప్పటికే గట్టు దిగి వచ్చింది. రాణి నీటిలో పడినప్పటి నుండి ఆమె చెవిలో ఒక బొంగురు చప్పుడు మ్రోగుతూనే ఉంది. అది ఎప్పటిదో, ఎక్కడిదో ఆమెకు తట్టలేదు. పదకొండోది అని సంతోష్ అన్నప్పుడు తట్టింది. ఆనాటి కొట్లాట నడుమ తన ఎదుటే పలికిన దెబ్బ అది. తాను తల ఊపింది అన్నానికి. భర్త బొట్టు పెట్టింది ఆ ఊపుకు.

నోరు విప్పితే నలభై ఏళ్ళ పరువు ఈ జనం ముందు, ఈ ఎండలో, దుమ్ములో కలుస్తుంది. విప్పకపోతే ఏ పాపమూ ఎరుగని కొడుకు దోషిగా ఈ ఒడ్డు విడిచిపోతాడు, లేదా అన్న చేతిలో ఇక్కడే చస్తాడు. ఆమె ఒక్కసారి నీటి వైపు చూసి, ఊగుతున్న గొడ్డలి కిందికి వెళ్ళి ఇద్దరు కొడుకుల మధ్య నిలబడింది.

"నన్ను నరకున్రి. గా డ్రమ్ము మీ బాపు ఇనలే. ఇనుడు నా పని. నేనే తప్పిన."

వీరేందర్ పట్టు సడలింది. చిన్నకొడుకును కాపాడడానికి అవ్వ అబద్ధమాడుతున్నదని అతడు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వానాకాలం జ్వరం నుండి తాము నడుపుతున్న దాపరికమంతా, తాను ఎదురుగా కూర్చోవడం, తల ఊపడం, ఆ రోజు రాణి అడిగిన మాట, ఒక్కటీ విడవకుండా, గొంతు ఎత్తి, ప్రతి మాటనూ తన పెదవుల కదలికను బట్టి భర్త పోల్చుకొనేటట్లు ఆయన వైపు తిరిగి చెప్పింది.

పెంటయ్యకు ఆమె మాటలు వినబడలేదు, కానీ అర్థమయ్యాయి. తాను దాచుకున్నదంతా ఆమె నలుగురి ముందు విప్పేస్తున్నది. నడుముకు దోపిన కొయ్యసుత్తి ఆయన చేతిలోకి వచ్చింది. పెళ్ళయిన నాటి నుండి ఆమె మీదికి ఎత్తని చేయి ఆనాడు లేచింది. దుర్గమ్మ తల తప్పించలేదు. గొడ్డలి నేలమీద పారవేసి, ఒకవైపు కన్ను మూసుకుపోయిన సంతోష్ ఆ మణికట్టును పట్టుకున్నాడు. ఎవరి దెబ్బలు తిన్నాడో ఆ తండ్రి చేతినే, అది ఎంత సన్నబడిందో అప్పుడే తెలిసినట్లు, విడవకుండా, నొప్పి కలగకుండా పట్టుకున్నాడు. సుత్తి జారి పడింది.

వీరేందర్ దానిని తీసుకున్నాడు. చుట్టూ తిరిగి తండ్రి వీపు వెనుకకు పోయాడు. అక్కడ ఖాళీ డ్రమ్ము ఒకటి నిలబెట్టి ఉంది. రెండు చేతులతో సుత్తి ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి దాని నెత్తిన మోదాడు.

ఆ మోతకు నీటి అంచున ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఎల్లస్వామి ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు. గట్టు మీది ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. పెంటయ్య మాత్రం భార్య ముఖం వైపే కోపంగా చూస్తూ నిలబడి ఉన్నాడు. తల తిప్పలేదు. రెప్ప కూడా కదలలేదు.

వీరేందర్ మళ్ళీ కొట్టలేదు. సుత్తి పట్టుకొని అట్లాగే కూలబడ్డాడు. ఎదుటివారి చూపులన్నీ తన వీపు వెనుకకు పోతున్నాయని గ్రహించి పెంటయ్య మెల్లగా వెనక్కి తిరిగాడు. కొడుకును చూశాడు, సుత్తిని చూశాడు, డ్రమ్ము నెత్తిన పడిన సొట్టను చూశాడు. ఆ తర్వాత ఆకాశంలో ఇంకా తిరుగుతున్న కొంగలను చూశాడు. ఆ ముసలివాని ముఖంలో కోపం ఆరిపోయి, దాని స్థానంలో పసిపిల్లల ముఖాల్లో కనిపించే బెదురు వచ్చింది. నేల మీద కూర్చున్నాడు.

"ఇనపడ్తలేదని చెప్తే నన్ను ఈ రేవు మీద ఎవరు కూసోబెడ్తరు? గందుకే చెప్పలే. గంతే."

ఎవరు ఏమి బదులు చెప్పినా ఆయనకు వినబడదని అందరికీ అప్పుడే తెలిసింది.

సంతోష్ తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. అదే దవాఖానలో, రాణి ఉన్న వార్డుకు రెండు గదుల అవతల. సాయంత్రం వీరేందర్ భార్య దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె అతని చొక్కా మీది మరకలు చూసి తనవేనా అని అడిగింది. తమ్ముడివని అతడు చెప్పాడు. ఎందుకో చెప్పాడు. రాణి ముఖం గోడ వైపు తిప్పుకొని, తమ్ముని పట్టుకొని రాకుంటే తన దగ్గరికి రావద్దని మాత్రం చెప్పింది. వీరేందర్ పోయి సంతోష్ మంచం కిందే చాప వేసుకొని పడుకున్నాడు. నీళ్ళు తాగించాడు, కట్టు మార్చేటప్పుడు గిన్నె పట్టాడు. రెండు రోజులు సంతోష్ అతనితో పలకలేదు. మూడో రోజు నీళ్ళ గ్లాసు అందుకుంటూ, తెడ్డు కొత్తది కొనాలె అన్నా అని అన్నాడు. అంత కఠినుడూ ఆ మాటకు గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

పెంటయ్య తానే సంఘం పెద్దల ముందుకు వెళ్ళాడు. తన చెవుల సంగతి తన నోటితో చెప్పి, కోడలి చేతికీ కొడుకు నెత్తురుకూ తానే కారణమని ఒప్పుకొని, రేవు మీది తన ఆసనం విడిచిపెడుతున్నానని చేతులు జోడించాడు. ఎల్లస్వామి ఆయన చేతిని పట్టుకొని రేవుకు తీసుకుపోయి, దుర్గమ్మ చేతిలో సుత్తి పెట్టి, ఆయనను ఆమె పక్కనే కూర్చోబెట్టాడు. మోకు ఎక్కడ కట్టాలో, నీరు ఎంత తగ్గితే జెట్టిని ఎంత ముందుకు జరపాలో ఆయన కళ్ళకంటే బాగా తెలిసినవారు ఆ చెరువు మీద లేరు. పద్దెనిమిది డ్రమ్ములనూ దుర్గమ్మ మళ్ళీ కొట్టి చూసింది, ఈసారి అందరూ చూస్తుండగా.

సంతోష్ మాత్రం తండ్రితో మాట్లాడలేదు. తలకు కట్టుతోనే వచ్చి పని చేశాడు. అతుకులు వేయించాడు, తారు పూశాడు, తెగిన మోకు ముడి వేశాడు. తండ్రి చెప్పాలనుకున్న మాట ఆయన కళ్ళల్లో రోజూ కనబడేది. సంతోష్ రోజూ ఆ చూపును తప్పించుకొని పోయేవాడు. కొట్టిన దెబ్బ అతడు మరచిపోగలడు. తన మాటను వినలేదన్నది మరచిపోలేకపోయాడు.

ఉగాదికి ముందురోజు ఉదయం జెట్టి నీటిలోకి దిగింది. నాలుగు మూలలూ ఒకే మట్టంలో నిలిచాయి. రాణి చేతికి కట్టుతో ఒడ్డునే కూర్చొని చూసింది. జనం వెళ్ళిపోయాక కూడా పెంటయ్య కొసన నిలబడి నీటి గీతను చూస్తూనే ఉన్నాడు. సంతోష్ అడుగుల కింద పలకలు కదిలితే ఎవరో వస్తున్నారని తెలిసి వెనక్కి తిరిగాడు.

సంతోష్ చూపు నీటి మీదే ఉంచి, లోగొంతుకలో ఏదో అన్నాడు. నెలల తరబడి పెంటయ్యకు అలవాటైన పని ఒకటే: చిరునవ్వి తల ఊపడం. తల కొంచెం కదిలింది కూడా. కానీ అక్కడే ఆగిపోయింది. ఆ ముసలివాడు రెండు అడుగులు ముందుకు వేసి, కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకొని, కుట్ల గుర్తు దగ్గర బొటనవ్రేలు ఆనించి అన్నాడు.

"నాకు ఇనపడలే బిడ్డా. మళ్ల చెప్పు."

సంతోష్ ముఖం ఎత్తాడు. తండ్రికి స్పష్టంగా కనబడేటట్లు ఒక్కొక్క మాటే పలికాడు.

"అవ్వ నీ కోసం తినకుంట కూసుంది. ఇంటికి పోదాం రా, బాపు."

చదివినవారి ఇళ్ళలోనూ విన్నవారి ఇళ్ళలోనూ పెద్దలకు తమ లోపం చెప్పుకొనే ధైర్యం, పిల్లలకు దానిని ఆదరించే మెత్తదనం ఆ గంగమ్మ తల్లి ప్రసాదించుగాక. రేవులన్నీ చల్లగా ఉండుగాక. నీటిలోకి దిగిన ప్రతివారూ క్షేమంగా ఒడ్డు చేరుదురుగాక.